ఎంఏడీటీ వెర్షన్ 45: ఫర్మ్‌వేర్ తప్పుకి కెర్నెల్ ఎందుకు సర్దుకోవాలి?

ప్రశ్న:
మెషిన్‌లో ఎన్ని సీపీయూలున్నాయో బూట్‌లో లైనక్స్ కెర్నెల్‌కి చెప్పేది ఏసీపీఐలోని (ఫర్మ్‌వేర్ హార్డ్‌వేర్ వివరాలు ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇచ్చే స్టాండర్డ్) ఎంఏడీటీ టేబుల్. ఒక్కో సీపీయూకి ఒక ఎంట్రీ, అందులో ఫ్లాగులు, అంటే అవును/కాదు చెప్పే బిట్లు. 0వ బిట్ ఉంటే సీపీయూ ఆన్‌లో ఉన్నట్టు. 'ఇప్పుడు ఆఫ్, తర్వాత ఆన్ చేసుకోవచ్చు' అని చెప్పే 1వ బిట్ ఏసీపీఐ 6.3లో వచ్చింది. ఎంఏడీటీ వెర్షన్ 5 లేదా ఆపైన ఉంటేనే కెర్నెల్ ఈ బిట్‌ని నమ్మేది. కానీ అంతకన్నా పాతదైన ఏసీపీఐ 6.2బీలో ఆ టేబుల్ వెర్షన్ 45! అయిదు కన్నా పెద్దదే కాబట్టి పాత టేబుల్ కొత్తదాని లెక్కలో పడిపోయింది. 2023లో ఆ చెక్ తీసేసి, ఎఫ్ఏడీటీ అనే ఇంకో ఏసీపీఐ టేబుల్‌లోని వెర్షన్ చూడటం మొదలుపెట్టారు. బయోస్ (మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్) వాళ్లు పిచ్చి అంకె వేస్తే కెర్నెల్ కోడ్ మార్చడమేంటి? బయోస్ అప్‌డేట్ ఇమ్మని అడగాలి కదా.

జవాబు 1:
అన్నా, 45 బయోస్ వాళ్లు సొంతంగా వేసింది కాదు, 6.2బీ స్పెక్‌లో (ఏసీపీఐ నియమాల పత్రం) ఉన్నదే. వాళ్లు స్పెక్ ప్రకారమే నడిచారు. ఒక టేబుల్ వెర్షన్ చూసి మొత్తం స్పెక్ వెర్షన్ ఊహించడమే లాజిక్ తప్పు. స్పెక్ వెర్షన్ 6, 3 అని విడివిడిగా ఎఫ్ఏడీటీలోనే ఉంటుంది. అక్కడ చూడాల్సింది ఇక్కడ చూశారు, అంతే.

జవాబు 2:
నాకు దీనికన్నా బాధ కలిగించింది అదే ఏడాది సరిచేసిన ఇంకో తప్పు. 6.3 కన్నా పాత టేబుల్‌లో 1వ బిట్‌కి అర్థమే లేదు. దాని సున్నాని 'వద్దు' అని చదవకూడదు. కెర్నెల్ సరిగ్గా అదే చేసింది, షరతు తిరగబడింది. మా పాత వర్చువల్ మెషిన్‌కి రాత్రి రెండింటికి సీపీయూలు పెంచబోతే ఒక్కటీ రాలేదు. బూట్ లాగ్‌లో హాట్‌ప్లగ్ (మెషిన్ నడుస్తుండగానే చేర్చుకోగల) సీపీయూలు 0. ముందు కెర్నెల్‌లో అదే చోట 12 ఉండేవి. ఆ టెన్షన్ పడ్డవాళ్లకి తెలుస్తుంది.

ప్రశ్న వేసినవారు:
అలాగని ఆఫ్‌లో ఉన్న ప్రతి ఎంట్రీనీ లెక్కేస్తే? నా డెస్క్‌టాప్‌లో ఎప్పటికీ రాని 16 సీపీయూలకి మెమరీ పక్కన పెడుతోంది. అది తప్పు కాదా?

జవాబు 1:
నష్టమే, ఒప్పుకుంటాను. కానీ కాస్త మెమరీ పోవడం వేరు, పనిచేసే సీపీయూ మాయమవడం వేరు. పాత ఫర్మ్‌వేర్ విషయంలో నేను మొదటిదే ఎంచుకుంటాను. మీ టేబుల్ ఒకసారి చూడండి. సిస్ ఫర్మ్‌వేర్ ఏసీపీఐ టేబుల్స్ ఫోల్డర్‌లో ఫైల్ పేరు ఎంఏడీటీ అని ఉండదు, ఏపీఐసీ అని ఉంటుంది. హెక్స్‌డంప్‌లో (ఫైల్ బైట్లని హెక్స్ అంకెల్లో చూపే కమాండ్) 9వ బైట్ వెర్షన్.

ప్రశ్న వేసినవారు:
చూశాను. హెక్స్‌లో 2డీ ఉంది, అంటే మామూలు లెక్కలో 45. బయోస్ వాళ్ల మీద అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా 16 సీపీయూల గొడవ ఈ మార్పుతో తీరలేదు, దానికి వేరే దారి కావాలి.