లాప్‌టాప్ స్క్రీన్‌కి ఐపీఏ వాడొచ్చా, నీళ్లే చాలా?

రాజోలు_నైట్‌షిఫ్ట్: మా మేనకోడలు కొబ్బరినూనె చేతులతో నా లాప్‌టాప్ స్క్రీన్ అంతా తడిమేసింది. మ్యాట్ స్క్రీన్. పొడిగుడ్డతో తుడిస్తే మరక పోలేదు సరికదా, ఇంకా పరుచుకుంది. ఆఫీసులో ఒకాయన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఐపీఏ) కొనమంటాడు. సర్వీస్ సెంటర్ అతను నీళ్లు తప్ప ఏదీ తగలనివ్వొద్దంటాడు. ఎవరి మాట వినాలి?

నీళ్లేచాలు: సర్వీస్ సెంటర్ మాటే వినండి. మామూలు మ్యాట్ లాప్‌టాప్‌లకి పైన గాజు ఉండదు. మీ వేలికి తగిలేదే పోలరైజర్ ఫిల్మ్, అంటే వెలుతురుని వడగట్టే పలుచటి ప్లాస్టిక్ పొర, దాని మీద మెరుపు తగ్గించే పలుచటి పూత. అది పాడైతే తుడిచి బాగుచేసేది కాదు, ప్యానెల్ మార్చుకోవాల్సిందే. కొబ్బరినూనె మరకకి అంత రిస్కా?

స్పిరిట్‌బాబాయ్: మరీ భయపెట్టకండి బాసూ. 70 శాతం ఐపీఏ వైప్‌తో డిస్‌ప్లే సున్నితంగా తుడవొచ్చని ఆపిల్ వాళ్లే చెబుతున్నారు. నూనె నీళ్లలో కరగదని చిన్నపిల్లలకీ తెలుసు. ఉత్త నీళ్లతో రుద్దితే చివరికి విసుగొచ్చి గట్టిగా నొక్కుతారు, ఆ నొక్కుడు ఐపీఏ కంటే ప్రమాదం.

నీళ్లేచాలు: ఆపిల్ స్క్రీన్ పైన గాజు ఉంటుంది, ఈయనది ఫిల్మ్. రెండూ ఒకటేనా? గాజు మీద పూత కూడా అంత మొండిదేం కాదు. రెటీనా మ్యాక్‌బుక్‌లలో పూత మచ్చలు మచ్చలుగా లేచిపోతోందని గోల అయితే, 2015లో ఆపిల్ కొన్ని మోడళ్లకి ఉచితంగా స్క్రీన్లు మార్చింది.

స్పిరిట్‌బాబాయ్: ఆ గోలకీ ఐపీఏకీ సంబంధం ఏంటండీ? ఏ మందూ తగలని స్క్రీన్లకీ మచ్చలొచ్చాయని అప్పుడే చాలామంది మొత్తుకున్నారు.

రిపేర్‌టేబుల్: మీ ఇద్దరి గొడవ బాగుంది గానీ, నా టేబుల్ మీదికొచ్చే కేసులు వేరు. స్ప్రే నేరుగా స్క్రీన్ మీద కొడతారు. చుక్కలు జారి కింది అంచులోకి దిగుతాయి. చాలా ప్యానెళ్లకి సన్నటి రిబ్బన్ కేబుళ్లు, సర్క్యూట్ బోర్డు ఉండేది అక్కడే. మర్నాటికి నిలువు గీతలు. అది ఐపీఏనా, మినరల్ వాటరా అన్నది ఆ బోర్డుకి అనవసరం. తడపాల్సింది గుడ్డని, స్క్రీన్‌ని కాదు. గుడ్డ పిండితే చుక్క రాకూడదు.

ఇంకోటి. మేం బోర్డులు కడిగే ఐపీఏ 99 శాతం. అదే తెచ్చి ఫిల్మ్ మీద రుద్దకండి. గోళ్లరంగు తుడిచే అసిటోన్ అయితే ఇంట్లో లాప్‌టాప్ ఉన్న గదిలోకే తేవద్దు.

గృహిణి_గుంటూరు: అద్దాలు తుడిచే కోలిన్ వాడితే ఏమవుతుందండీ? మా టీవీకి అదే కొడుతున్నాం.

రిపేర్‌టేబుల్: మానెయ్యండి అక్కా. పాత డబ్బా టీవీకి ముందున్నది మందపాటి గాజు, ఏం కొట్టినా తట్టుకునేది. ఇప్పటి టీవీలది చాలావరకు ఫిల్మే. కిటికీ అద్దాల మందుల్లో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది, పూతకి పడదు. టిష్యూ పేపర్ కూడా వద్దు, సన్నగీతలు పడతాయి.

రాజోలు_నైట్‌షిఫ్ట్: మా బోరు నీళ్లు ఉప్పు. వాటితో తుడిస్తే తెల్లమరకలు అదనం.

నీళ్లేచాలు: ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి. కొట్టువాడు యాసిడ్ డబ్బా ఇవ్వకుండా చూసుకోండి. లాప్‌టాప్ ఆపేసి, చల్లారాక, మైక్రోఫైబర్ గుడ్డతో. మరక మొండికేస్తే గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక్క చుక్క గ్లాసుడు నీళ్లలో కలిపి తుడిచి, వెంటనే ఉత్త నీళ్ల గుడ్డతో ఇంకోసారి.

స్పిరిట్‌బాబాయ్: నీళ్లే చాలన్న మనిషి సబ్బు దాకా వచ్చాడు. ఇంకో రెండు రోజులాగితే ఐపీఏకీ వస్తాడు.

నీళ్లేచాలు: రాను. ఆ స్క్రీన్ మోడల్‌కి కంపెనీ మాన్యువల్‌లో ఐపీఏ వాడొచ్చని రాసుంటే చూపించండి, అప్పుడొప్పుకుంటా.

రాజోలు_నైట్‌షిఫ్ట్: సబ్బు చుక్కతో చాలావరకు పోయింది. కింద ఎడమ మూల కొంచెం జిడ్డు మిగిలింది. మాన్యువల్ వెతుకుతున్నా, ఈలోపు ఆ మూల జోలికి పోను.