జానపద పాట కింద ‘రచన’ అని ఎవరి పేరు వేయాలి?

ఊరిపాట:
నాట్లు వేసే చోట ఒక పెద్దమ్మ పాట ఎత్తుకుంటుంది. ఎవరో ఫోన్‌లో రికార్డు చేసుకుంటారు. నాలుగు మాటలు మార్చి, బీట్ కలిపి, యూట్యూబ్‌లో పెట్టి, కింద ‘రచన’ అని తమ పేరు వేసుకుంటారు. పెద్దమ్మ పేరు ఎక్కడా కనపడదు. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమా పాట ‘సారంగ దరియా’ మీద గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు టీవీలో ఆ పాట పాడిన గాయని తనకు గుర్తింపు దక్కలేదన్నారు. పల్లవి జానపదమని, చరణాలు తాను రాశానని రచయిత సుద్దాల అశోక్ తేజ చెప్పారు. ఆ ఒక్క పాట సంగతి పక్కన పెడదాం, ఇది రోజూ జరుగుతున్నదే.

నేను అడిగేది ఇంతే. విన్న పాటకు ‘సేకరణ’ అని వేయండి. ఎవరి నోట విన్నారో ఆ మనిషి పేరు, ఊరు రాయండి. ‘రచన’ అన్నది మీరు సొంతంగా రాసిన చరణాలకే. పాట మీద డబ్బు వస్తే అందులో ఆ మనిషికీ వాటా ఇవ్వండి. నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు లాంటివాళ్లు సేకర్తలుగానే పెద్దవాళ్లయ్యారు. సేకరణ అని వేసుకుంటే ఎవరి పరువూ పోదు.

కొత్తచరణం:
నేను పాటలు రాసేవాణ్ణి కాబట్టి ఇటువైపు మాట కూడా చెప్తాను. చాలా పాటల్లో పల్లవి రెండు పాదాలు తప్ప ఏమీ దొరకదు. మిగతా పాటంతా, ఒక్కోసారి అందులో కథతో సహా, మేమే కట్టాలి. అది రచన కాకపోతే మరేమిటి? ఆ పెద్దమ్మ కూడా పాట రాయలేదు కదండీ, వాళ్లమ్మ దగ్గర విన్నది. అదే పల్లవి పక్క జిల్లాలో ఇంకొకామె పాడుతుంది. వాటా ఎవరికివ్వాలి? 1957 కాపీరైట్ చట్టంలో జానపదానికి విడిగా రక్షణ ఏమీ లేదు. జానపదం అందరిదీ. అందరిదీ కాబట్టే ఇన్ని తరాలు బతికింది.

పటంకథ:
‘జానపదం అందరిదీ’ అనే మాట దగ్గరే నా అభ్యంతరం. బతుకమ్మ పాట, దంపుడు పాట, నాటు పాట అందరివీ అంటే ఒప్పుకుంటాను. కథాగానం సంగతి అలా కాదు. మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పేది ఒగ్గువాళ్లు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు బొమ్మలు గీసిన పటం విప్పి కథ చెప్తారు. కూనపులివాళ్లు పద్మశాలీలకు, డక్కలివాళ్లు మాదిగలకు, మందెచ్చులవాళ్లు గొల్లలకు. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివి అని మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, ఉంటుంది. అన్నదమ్ములు వేరుపడితే ఆ ఊళ్లు కూడా పంచుకుంటారు. ఒకరి మిరాశీ ఊళ్లోకి ఇంకొకరు వెళ్లి కథ చెప్తే తగాదా కులపెద్దల దాకా పోతుంది. కాపీరైట్ చట్టం పుట్టకముందు నుంచీ నడుస్తున్న హక్కు ఇది. ఆ కథలో నుంచి ఒక ముక్క తీసుకుని ‘అందరిదీ’ అంటే, పూట గడిచేది ఆ కథ మీదే అయిన ఇంటి నుంచి తీసుకున్నట్టే. ఈ కథలకు బొమ్మలు గీసే చేర్యాల పటానికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదే అని చట్టం ఇచ్చే గుర్తింపు) వచ్చింది, చాలా సంతోషం. కానీ ఆ పటం ముందు నిలబడి రాత్రంతా గొంతు చించుకునే మనిషి కథకు ఏ గుర్తింపూ లేదు. రెండు రకాల పాటలనూ ఒకే గాటన కట్టకండి.

ఇంకొకటి. రచయిత ఎవరో మనకు తెలియనంత మాత్రాన రచయిత లేడని కాదు. ‘బండెనక బండి కట్టి’ పాటను జానపదమే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడడంతో అది ఊరూరా పాకింది. దాన్ని కట్టింది తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి. ఆయన పేరు పట్టుకుని చెప్పినవాళ్లు లేకపోతే ఈపాటికి అదీ ‘సంప్రదాయం’ అయిపోయేది.

పాటెత్తేది:
నేను గుంపులో పాడే మనిషిని. మాకు అసలు టెన్షన్ ఫోన్‌కు వచ్చే నోటీసుతో. మా అమ్మ పాడే పాటను ఒక ఛానెల్ వాళ్లు వచ్చి రికార్డు చేసుకున్నారు. తర్వాత పండుగనాడు మావాళ్లు అదే పాట పాడి వీడియో పెడితే దాని మీద కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. మా పాట మేము పాడుకుంటే మాదే దొంగతనం అయింది!

ఊరిపాట గారూ, మీ మాటలో నాకూ ఒక ఇబ్బంది ఉంది. పాట ఎత్తేది ఒకరు, అందుకునేది పదిమంది. ఎత్తినామె పేరు ఒక్కటే వేస్తే పక్కవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. మా ఊరి పేరు వేసి, ‘నాటు కూలీలు పాడినది’ అని రాసినా మాకు చాలు.

చట్టంమాట:
అక్కా, ఆ క్లెయిమ్ మీద వెంటనే యూట్యూబ్‌లో డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి. 30 రోజుల్లో అవతలివాళ్లు జవాబివ్వకపోతే అది పోతుంది. ఎవరైనా ఒక రికార్డింగ్‌ను కంటెంట్ ఐడీలో, అంటే అదే పాట ఉన్న వీడియోలను తనంతట తానే పట్టుకునే యూట్యూబ్ ఏర్పాటులో, పెట్టాలంటే అందులో ఉన్నదాని మీద పూర్తి హక్కు తమకే ఉండాలని యూట్యూబ్ నియమం. వాళ్లు చేసిన రికార్డింగ్ వాళ్లదైతే కావచ్చు, అమ్మ దగ్గర విన్న పల్లవి, బాణీ వాళ్లవి కావు.

కొత్తచరణం గారూ, పాటకు రక్షణ లేకపోయినా పాడిన మనిషికి చట్టంలోనే హక్కుంది. ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో, పాడింది తానే అని గుర్తింపు కోరే హక్కు కూడా చేరింది. పెద్దమ్మ గొంతును ఆమె ఒప్పుకోకుండా వాడుకోవడం కుదరదు. ఆమె గొంతు వదిలేసి పాట మాత్రం తీసుకుంటేనే చట్టం చేతులెత్తేస్తుంది.

కొత్తచరణం:
గొంతు విషయం ఒప్పుకుంటున్నాను. పల్లవికి ‘జానపదం’ అని, ఊరి పేరుతో సహా వేయడానికీ నాకు అభ్యంతరం లేదు. కానీ మా తంటా ఇంకోచోట ఉంది. ఆడియో కంపెనీకి ఇచ్చే కాగితంలో ‘ఈ పాట మొత్తం నా సొంత రచన, రేపు ఎవరైనా కేసు వేస్తే బాధ్యత నాదే’ అని సంతకం పెట్టాలి. ‘సేకరణ’ అన్న మాట కనపడితే వాళ్లు భయపడి పాటే వద్దంటారు. తప్పంతా రచయిత మీద వేయకండి.

ఊరిపాట:
మీరు చెప్పిన ఆ సంతకంతోనే పెద్దమ్మ మాయమవుతోంది. ‘పల్లవి సంప్రదాయం, ఫలానా ఊరి నాటు కూలీల దగ్గర సేకరణ, చరణాలు నావి’ అని కాగితంలో రాయించుకోవడానికి ఎంత జాగా పడుతుంది? నిజం రాస్తే కేసు భయం తగ్గుతుంది కూడా. పేరున్న పదిమంది రచయితలు పట్టుబడితే కంపెనీలు కాదనలేవు. పాటెత్తేది గారి మాట సబబు, ఊరూ గుంపూ అని మార్చుకుందాం. వాటా కూడా ఆ గుంపుకే వెళ్లాలి.

పటంకథ గారు చెప్పిన కథల విషయంలో మాత్రం పేరు వేస్తే సరిపోదు. ముందు ఆ కుటుంబాన్ని అడగాలి. వాళ్లు వద్దంటే మానుకోవాలి.

కొత్తచరణం:
అడగాలి, డబ్బివ్వాలి, రెండింటికీ సరే. ‘వద్దంటే మానుకోవాలి’ అన్నది నేను ఒప్పుకోలేను. ఒక కుటుంబం కాదంటే, మందెచ్చులవాళ్లు కథ చెప్పే గొల్లల వీరుడు కాటమరాజు మీద ఎవరూ కొత్త పాట కట్టకూడదా?

పటంకథ:
కాటమరాజు మీద ఎన్ని పాటలైనా కట్టండి, ఆయన ఎవరి సొత్తూ కాడు. మందెచ్చులవాళ్లు తరాలుగా అల్లుకున్న పదాలు, దరువులు, వరసలు మాత్రం వాళ్లవి. వాటికి వాళ్లు వద్దంటే, వద్దనే.