సమస్య: "నీరులేని యేరు నిండి పారె"

సమస్య ఇచ్చినవారు: ఈసారి ఇచ్చింది ఆటవెలది చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. విషయం, లెగో ఇటుకలతో (ఒకదానిలో ఒకటి బిగించే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలు) కొండలు, లోయలు, ఏళ్లు కట్టడం. సెలవుల్లో మా పెద్దాడు భోజనాల బల్ల మీద కట్టిన ఏరు చూస్తుంటే నోటికొచ్చిన పాదమిది. ఎండమావులు, కన్నీళ్లు వద్దు. కట్టిన చేతి అనుభవం పద్యంలో కనబడాలి.

పూరణ 1 (విజయవాడ)

నీలి గాజుపలక నేర్పుతో నమరిచి
అడుగు మట్టిరంగు లద్దినంత
బల్లపైన జూడ బాలుని నవ్వుతో
నీరులేని యేరు నిండి పారె

విమర్శ (మాస్టారు): ధార బాగుంది తమ్ముడూ. "అమరిచి" క్త్వార్థం, అంటే "చేసి" లాంటి అసమాపక క్రియ కాబట్టి సంధి రాదు, యడాగమం, అంటే మధ్యలో యకారం వస్తుంది. రెండో పాదం "యడుగు" అని మొదలుపెట్టు. యకారానికి అకారంతో మైత్రి ఉంది, యతికి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీకి, ఢోకా లేదు. "గాజు" దగ్గరే నాకు పేచీ. అది పారదర్శకమైన ప్లాస్టిక్ కదా! "నీలిరంగు పలక" అన్నా గణాలు సరిపోతాయి. అడుగున మట్టిరంగు అన్నావు చూడు, అది కట్టినవాడికే తెలిసే మాట. ఒడ్డు పక్కన ఇసుకరంగు, నడి ఏట్లో ముదురు నీలం పెట్టి, పైన బుడిపెలు లేని నున్నటి పలకలు పరిస్తేనే లోతు కనబడుతుంది.

పూరణ 2 (డాలస్)

మెట్టుమెట్టుగాను మిట్టలు పేర్చితి
చిన్న పలక మీద చిన్న పలక
లోయలోన నీలి కాంతులు మెరిసెను
నీరులేని యేరు నిండి పారె

విమర్శ: మూడో పాదంలో యతి తప్పింది. "లో"కి "కాం" కుదరదు. "నీలి లోతులు" అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ పెరుగుతుంది. రెండో పాదం ఎన్నిసార్లు చదువుకున్నానో! ఇటుక ఎత్తు 9.6 మి.మీ., పలక ఎత్తు 3.2 మి.మీ. ఉత్త ఇటుకలతో కడితే మెట్లు తేలతాయి. పలకలతో పోతేనే నేల వాలినట్టుంటుంది. అలాంటప్పుడు "మెట్టుమెట్టుగాను" అనడం మీ పనితనానికి మీరే అన్యాయం చేసుకోవడం.

డాలస్ సభ్యుడు: నిజమే మాస్టారూ. అంచులు ఎక్కడా తిన్నగా పోకుండా చూసుకున్నాను, అదే చెప్పాల్సింది. "మెలిక మెలికగాను మిట్టలు పేర్చితి" అని మార్చాను. యతి కూడా సవరించాను.

మాస్టారు: ఇప్పుడు పద్యంలో కొండ కనబడుతోంది.

పూరణ 3 (ప్రొద్దుటూరు)

గండికోట లోయ గదిలోన గట్టితి
రాతిపొరలు తీర్చి రంగులెంచి
పెన్న తలచి నీలి పెంకులు పరచగ
నీరులేని యేరు నిండి పారె

విమర్శ: అమ్మా, ఇందులో దిద్దడానికి ఏమీ లేదు. ఎర్రమల కొండల్ని చీల్చుకుని పోయే పెన్నను తెచ్చి సమస్యలో కూర్చోబెట్టారు. వానల మీద బతికే నది అది, ఎండాకాలంలో చాలాచోట్ల ఇసుకే కనబడుతుంది. "తలచి" అన్న ఒక్క మాటతో అసలు పెన్న, ఇటుకల పెన్న రెండూ వచ్చేశాయి. రాతిపొరలు ఎలా తీర్చారో చెప్పండి.

ప్రొద్దుటూరు సభ్యురాలు: ఒకే రంగుతో కడితే గోడలా ఉంది మాస్టారూ, రెండుసార్లు ఊడదీశాను. తర్వాత ఎర్రమట్టి రంగు, ముదురు నారింజ, ఇసుకరంగు వరసలు కలిపాను. కొన్ని ఇటుకల్ని పక్కకు తిప్పి, బుడిపెలు లోయవైపు రాకుండా బిగిస్తే రాయి పగిలినట్టు వచ్చింది. మా నాన్న కుర్చీ లాక్కుని చాలాసేపు చూశారు. అంచు మీద వేలు పెట్టి, "మేం నీళ్లలోకి దిగే దారి ఇక్కడుండేదమ్మా" అన్నారు. అక్కడ నాలుగు పలకలు తీసి దారి వేశాను.