నాలుగు చెంగులా, నాలుగు కొంగులా?

పెన్నాతీరం: బైబిల్లో అపొస్తలుల కార్యములలో, క్రీస్తు శిష్యుడు పేతురుకి కలిగిన దర్శనంలో ఆకాశం నుంచి దిగే దుప్పటి "నాలుగు చెంగులు పట్టి" అనా, "కొంగులు పట్టి" అనా? మా అమ్మమ్మ కొంగులనే చదివేది. పొద్దుట్నుంచీ నోట్లో నానుతోంది.

తాళపత్రం: చెంగులే. కొంగు చీరకి, చెంగు పంచెకి.

మొగలిరేకు: చీర చెంగు పట్టుకు తిరిగే పిల్లల్ని ఎప్పుడూ చూళ్లేదా తాళపత్రం గారూ? మా వైపు దుప్పటికి కొంగులే.

ఒట్టికుండ: ఆ వెంటనే వచ్చేది చూడండి, "దుప్పటివంటి యొకవిధమైన పాత్ర". దుప్పటి పాత్రెలా అయింది? గ్రీకులో స్కెవోస్. గిన్నె దగ్గర్నుంచి ఏ సామానైనా అందులోకే వస్తుంది. నా లెక్కలో అది మూట.

తాళపత్రం: ఓడ సామాను కూడా! పౌలు ఓడ తుపానులో చిక్కినప్పుడు దించింది ఈ స్కెవోసే. దర్శనం కలిగిన యొప్పే రేవు పట్నం. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద ఆకలితో ఉన్నాయనకి తెరచాప కనబడి ఉంటుంది.

కృష్ణాకెరటం: పేతురు బస చేసింది చర్మకారుడు సీమోను ఇంట్లో. యూదులు మైలనుకునే తోళ్ల పనివాడి గడప తొక్కినాయనకి, యూదుడు కాని రోమా శతాధిపతి కొర్నేలీ గడప తొక్కడానికి, తినకూడని జంతువులున్న ఆ దుప్పటి దర్శనం కావాల్సొచ్చింది! చర్మకారుడనగానే నాకు జాషువానే గుర్తొస్తాడు. గబ్బిలంలో అరుంధతీసుతుణ్ణి నిలబెట్టిన కలమే క్రీస్తు చరిత్ర రాసింది. 1964లో అకాడమీ అవార్డు దానికే.

మొగలిరేకు: జాషువా అయితే చెంగు వేసేవాడా, కొంగా?

కృష్ణాకెరటం: రెండూ హగణమే (గురువు, లఘువు). యతి స్థానంలో పడితే తప్ప తేలదు.

ఒట్టికుండ: దర్శనంతోనూ తేలలేదు లెండి. అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తింటున్న పేతురు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర్నుంచి మనుషులు రాగానే పంక్తిలోంచి తప్పుకున్నాడు. పౌలు మొహమ్మీదే అడిగేశాడు. అన్యజనులకి సున్నతి అక్కర్లేదన్న యెరూషలేము సభ కూడా (సుమారు 49లో) విగ్రహార్పితం, రక్తం, గొంతు పిసికి చంపినది వద్దంది. గొడవంతా విస్తరి దగ్గరే.

మొగలిరేకు: ఆ లెక్కన మా చర్చిలో అందరం అన్యజనులమే. పక్కింటివాళ్లని మాత్రం అన్యులంటాం!

తాళపత్రం: "గొంతు పిసికి చంపినది" బెజా ప్రతిలో (పాత గ్రీకు చేతిరాత ప్రతి) లేదు.

ఒట్టికుండ: ఆ ప్రతిలో కార్యములు మామూలు పాఠం కన్నా పెద్దది మాస్టారూ. అన్ని మాటలు కలిపినవాడు ఒకటి తీసేస్తే సాక్ష్యమెలా అవుతుంది?

తాళపత్రం: తీసేశాడని ఎవరన్నారు? మిగతావాళ్లే కలిపారేమో.

మొగలిరేకు: ఏదో ఒకటి తేల్చండి. కోడి మెడ తిప్పేస్తే గొంతు పిసికినట్టా, కాదా?