లాకులో ఆగా, ఊగా, వాగా?

కృష్ణలంక కుర్రాడు: మా తాత పడవ మీద బతికిన మనిషి. ఇంట్లో ఎవరైనా తొందరపడితే "లాకు దాకా లాగు, లాకులో..." అని ఒక మాట అనేవాడు. ఆ చివరి ముక్క దగ్గరే నా బుర్ర ఆగిపోతోంది. "ఆగు" అని నేను, కాదు "ఊగు" అని మా అన్నయ్య. పాత కాలవలు, వాటిలో పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే లాకులు తెలిసినవాళ్ళు చెప్పండి. లాక్ అంటే తాళం అని మాత్రం చెప్పకండి, అది నాకూ తెలుసు.

తెనాలి మాస్టారు: ఆగు. అనుమానమే లేదు. పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసేస్తారు, ముందు వైపు నుంచి నీళ్ళు వదుల్తారు, లోపలి మట్టం పై కాలవ మట్టానికి వచ్చిందాకా పడవ నడిపే సరంగు చేసేదేముంది? ఆగడమే. పైగా లాగు, ఆగు, ప్రాస కూడా కుదిరింది.

అరండల్‌పేట అక్క: ప్రాసకి రెండో అక్షరం కలిస్తే చాలు కదా మాస్టారూ, మొదటివి రెండూ గురువులే. లాగు, ఊగు, తూగు అన్నీ పాసే! ఇంకో సంగతి. "లాగు" అన్నాడంటే అది ఎదురు పడవ, గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేది. ఎదురెక్కే పడవ లాకులో ఉండగా పైనుంచి నీళ్ళు తోసుకొస్తాయి, పడవ ఊగకుండా ఎలా ఉంటుంది? దిగే పడవకైతే నీళ్ళు బయటికి పోతాయి, అంత కుదుపు ఉండదు. నా ఓటు అన్నయ్యకే.

బందరు కాలవ: ఇద్దరూ తప్పే అంటే కోపం రాకూడదు. మా వైపు ముసలాళ్ళు ఊగు అనరు, "వూగు" అంటారు. చిన్నపిల్లాడి చెవిన ఆ వకారం పడిందంటే అసలు మాట "వాగు" ఎందుకు కాకూడదు? లాకు తెరిచే దాకా పడవలన్నీ వరసగా నిలబడేవి, ఊళ్ళ కబుర్లన్నీ అక్కడే. లాగేటప్పుడు నోరు మూసుకుని లాగు, వాగుడంతా లాకులో పెట్టుకో అని!

తెనాలి మాస్టారు: తాత మనవడికి వాగమని నేర్పుతాడా తమ్ముడూ?

బందరు కాలవ: మా తాతైతే నేర్పాడు.

పటమట ప్లీడరు: తాళం అనొద్దన్నాడు గానీ కుర్రాడు, అసలు తమాషా అక్కడే ఉంది. పాత ఇంగ్లీషులో ఆ మాటకి గడియ అనీ, నాలుగు వైపులా మూసిన చోటు అనీ రెండు అర్థాలు. కాలవ లాకుకి ఈ రెండోదే సరిగ్గా సరిపోతుంది, రెండు తలుపుల మధ్య నీళ్ళ గది. మా కోర్టు భాషలో లాకప్పూ అదే కోవ. తుపాకీలో మందు అంటించే భాగం కూడా లాకే. "లాక్, స్టాక్ అండ్ బ్యారెల్" అని ఇంగ్లీషువాళ్ళు మొత్తానికి మొత్తం అనే అర్థంలో వాడేది తుపాకీ మూడు భాగాల పేర్లే. జుట్టు పాయని కూడా లాక్ అంటారు గానీ దాని పుట్టుక వేరు, ఆ రెంటినీ కలిపి సిద్ధాంతాలు చెయ్యొద్దని మనవి. 2020లో లాక్‌డౌన్ వచ్చి మిగతా అర్థాలన్నీ మింగేసింది.

అరండల్‌పేట అక్క: మన అర్థం వదిలేశారు ప్లీడరు గారూ. "లాకులు ఎత్తారా?" అని రైతు అడిగితే కాలవకి నీళ్ళు వదిలారా అని. ఎత్తేది రెగ్యులేటరు షట్టర్లే అయినా పేరు మాత్రం లాకులది. దుగ్గిరాల లాకుల దగ్గర దించమంటే కండక్టరు తాళమేదని అడగడు. మన డెల్టా వేసిన ఈ అర్థం ఏ ఇంగ్లీషు నిఘంటువులో ఉంది? ఇంతా చేసి ఇంట్లో "తాళాలు ఎక్కడ పెట్టావే" అంటే అవి తాళంచెవులు!

బందరు కాలవ: బ్రౌన్‌లో చూశారా ఎవరైనా?

పటమట ప్లీడరు: బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది, బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో. కృష్ణ కాలవల లాకుని అందులో వెతకడం దండగ.

అరండల్‌పేట అక్క: ఆ ఆనకట్టేదో నాలుగొందల ఏళ్ళ ముందే కట్టుంటే శ్రీనాథుడు బతికిపోయేవాడు పాపం. బొడ్డుపల్లి కౌలు పంట వరదపాలై, ఏడు నూర్ల టంకాలు ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టను అని ఏడ్చాడు కదా. రాజుల దగ్గర కనకాభిషేకం చేయించుకున్న మనిషి! "కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము" చదివినప్పుడల్లా, తనని ముంచిన ఏటిని కూడా "అమ్మ" అన్నాడే అని నాకు గొంతు పట్టేస్తుంది.

తెనాలి మాస్టారు: "గొనిపోయె" అమ్మా. ప్రథమ మీది పరుషాలకి గసడదవలు.

అరండల్‌పేట అక్క: చిన్నయసూరి "బహుళముగా" అన్నాడు మాస్టారూ. కొనిపోయె అన్నా నేరం కాదు.

తెనాలి మాస్టారు: నేరమని ఎవరన్నారు? పద్యం పైకి చదివి చూడండి. "కొ" అన్నచోట నాలుక తట్టుకుంటుంది, "గొ" అంటే ఏరు పోయినట్టే పోతుంది.

కృష్ణలంక కుర్రాడు: మరి నా లాకు సంగతి?

బందరు కాలవ: వాగు అని రాసేసుకో తమ్ముడూ. ఇక్కడ జరుగుతున్నది చూశాక కూడా అనుమానమా?

తెనాలి మాస్టారు: ఆగు.