ఆఫీసు వనభోజనాలు: ఒక్కొక్కరిది ఒక్కో నియమం, వంటలు ఎలా కుదర్చాలి?

మాదాపూర్_మిత్ర:
కార్తీకమాసంలో ఒక ఆదివారం చేవెళ్ల వైపు తోటలో వనభోజనాలు అనుకుంటున్నాం. మొత్తం 25 మంది. అయ్యప్ప మాలలో ఉన్నవారు ఇద్దరు, ఒక జైన్ అమ్మాయి, ముగ్గురు ముస్లింలు, ప్రసాదం ముట్టని క్రైస్తవులు ఇద్దరు. మిగతావాళ్లలో సగంమంది బిర్యానీ ఉండాల్సిందే అంటున్నారు. వంటమనిషి అక్కడికే వచ్చి వండుతాడు. ఎవరినీ నొప్పించకుండా ఎలా?

కట్టెలపొయ్యి:
బిర్యానీ ఇంకో రోజు పెట్టుకోండి. మాంసమే లేకపోతే హలాలా కాదా అన్న ప్రశ్న రాదు, మాలలో ఉన్నవాళ్లకూ ఇబ్బంది ఉండదు. హోటల్ వెజ్ బిర్యానీతో సర్దేద్దాం అనుకోకండి, ఉల్లి, అల్లంవెల్లుల్లి ముద్ద లేకుండా అది రాదు.

అసలు చిక్కు జైన్ భోజనంలో ఉంది. ఆలు, ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్, ముల్లంగి, పచ్చి అల్లం వద్దు. పసుపు, శొంఠి ఎండినవి కాబట్టి చాలామంది వాడతారు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది: కాచని పెరుగూ పప్పుధాన్యమూ కలిపి తినరు. అంటే మనం ఏ అనుమానమూ లేకుండా పెట్టే పెరుగువడ, మినప్పప్పు తాలింపేసిన దద్దోజనం రెండూ పోయినట్టే. దద్దోజనానికి ఆవాలు, జీలకర్ర, మిర్చి, కరివేపాకు తాలింపు చాలు.

చింతపండు పులిహోర అందరికీ సరిపోతుంది. మిగతా వంటలు కూడా ఉంటాయి కాబట్టి 2 కిలోల బియ్యం, 200 గ్రాముల చింతపండు చాలు. బీరకాయ పప్పు, దొండకాయ వేపుడు, అరటికాయ బజ్జీ చేయించండి. ఉల్లి లేని గిన్నెలన్నీ ముందు దించేయాలి, ఉల్లి కోసేది ఆ తర్వాతే. గరిటెలు, బాణలి నూనె వేరు. గొడవలన్నీ గరిటె దగ్గరే మొదలవుతాయి! ఈ మాట వంటమనిషికి సరుకుల చీటీ రాసేటప్పుడే చెప్పాలి, పొయ్యి వెలిగించాక చెబితే లాభం లేదు.

అన్నట్టు, ఆదివారం ఉసిరికాయ తినని ఇళ్లు చాలా ఉన్నాయి. ఉసిరి పచ్చడి ఒక్కటే నమ్ముకోకండి.

పాతబస్తీ_ఛాయ్:
నైవేద్యం విషయం చూసుకోండి. ఉసిరిచెట్టు కింద పూజయ్యాక, నైవేద్యం పెట్టినది అలవాటుగా మళ్లీ పెద్దగిన్నెలో కలిపేస్తారు. దాంతో మొత్తం వంటా ప్రసాదమైపోతుంది, ముస్లింలలో, క్రైస్తవుల్లో చాలామంది ఇక తినలేరు. నైవేద్యం చిన్నగిన్నెలో తీసి, అందులోంచే పంచండి. క్రైస్తవుల్లో, విగ్రహాలకు పెట్టిన ఆహారం గురించి చెప్పే బైబిల్లోని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలను బట్టి కొందరు తింటారు, కొందరు తినరు. మీరే ఊహించుకోకుండా అడగండి. చెప్పకుండా వడ్డించేయడం మాత్రం మోసమే.

పిలుపులో పూజ 10:30కి, భోజనం 1 గంటకి అని విడివిడిగా రాస్తే, పూజలో కూర్చోలేనివాళ్లు సాకులు వెతుక్కోనక్కర్లేదు.

మాలధారణ:
మాలలో ఉన్నవారిని వయసుతో పనిలేకుండా ‘స్వామీ’ అనాలి. 41 రోజుల దీక్షలో చాలామంది మధ్యాహ్న భిక్ష (భోజనం) పూజయ్యాక ఇంట్లోనో సన్నిధానంలోనో (స్వాములు కలిసి పూజ చేసుకునే చోటు) తప్ప బయట చేయరు. ‘ఒక్క ముద్దేగా’ అని బలవంతపెట్టొద్దు. తొక్క తీయని అరటిపళ్లు, కొబ్బరిబొండాలు ఉంచండి. చెప్పులు వేసుకోరు కాబట్టి ముళ్లు లేని చోట చాపలు పరవండి.

మాదాపూర్_మిత్ర:
చాలా ఉపయోగం. నమాజుకు ఏం ఏర్పాటు చేయాలి?

పాతబస్తీ_ఛాయ్:
వజూకి (నమాజుకు ముందు ముఖం, కాళ్లూచేతులూ కడుక్కోవడానికి) నీళ్లు, ఉతికిన దుప్పటి, జనం అడ్డుగా నడవని మూల. దిక్కు మనకు పడమర, కాస్త ఉత్తరానికి. జుహర్ (మధ్యాహ్న నమాజు) 12:30 నుంచి 3 లోపు ఎప్పుడైనా చదువుకోవచ్చు, కాబట్టి భోజనం ఆపక్కర్లేదు. నవంబర్ చివర్లో అయితే సూర్యాస్తమయం దాదాపు 5:40కి. వెంటనే మగ్రిబ్ (సాయంత్రం నమాజు), బస్సు దారిలో ఉంటే పది నిమిషాలు ఆపమని డ్రైవర్‌కి ముందే చెప్పండి. ఆ జైన్ అమ్మాయి చీకటి పడ్డాక తినకపోతే, టిఫిను పొట్లాలు 5 గంటలకే పంచేయండి.