‘చలిచీమల చేతఁ జిక్కి’: ఇంగ్లీషులో ఎలా కట్టాలి?

పోస్టు: మా అమ్మాయి ఇంగ్లీషు వ్యాసంలో సుమతీ శతకంలోని ‘బలవంతుఁడ నాకేమని’ పద్యం (బలముందని పలువురితో విరోధం పెట్టుకుంటే, బలమైన పాము చలిచీమలకు చిక్కి చచ్చినట్టవుతుందనేది) భావాన్ని ఒక్క వాక్యంలో పెట్టింది: ‘అరొగెన్స్ ఐసొలేట్స్ ద స్ట్రాంగ్, లీవింగ్ దెమ్ వల్నరబుల్ టు ద వీక్.’ గ్రామర్ తప్పు లేదు, కానీ నాకు ఏదో వెలితిగా ఉంది. చివరి పాదం ‘చలిచీమల చేఁ జిక్కి చావదె సుమతీ’ అని గుర్తు. ఆ ‘చే’ అంటే చీమల చేతిలో పడటమా, చీమల వల్ల చావడమా? మొదటిదైతే వల్నరబుల్ చాలు. రెండోదైతే ఆ మాట మెత్తబడిపోయినట్టే.

బందరు మేష్టారు: ‘చేఁ’ కాదమ్మా, ‘చేతఁ’. ఇది కంద పద్యం. కందంలో ఆరో గణం జగణం (లఘువు, గురువు, లఘువు) గానీ నలం (నాలుగు లఘువులు) గానీ కావాలి. ‘తఁ జిక్కి’ జగణం. అరసున్న కాబట్టి ‘త’ లఘువుగానే ఉంది, నిండు సున్న పెడితే గణం చెడుతుంది. ఇక అర్థమంటారా, తృతీయా విభక్తి, పని ఎవరి వల్ల జరిగిందో చెప్పేది. చీమల చేత చావదా అనే.

అనువాదాల అక్క: గణం సరే మేష్టారూ, అర్థం అంత తేలిగ్గా తేలదు. ‘కత్తి చేతఁబట్టి’ అంటాం, అక్కడ చేత అంటే చేతిలోనే కదా. ‘చేతఁ’ పక్కనే ‘జిక్కి’ ఉంది. దాన్ని దాటించి ‘చావదె’కి ఎందుకు తగిలించాలి? నా ఓటు చేతికే. ముందు చిక్కింది, తర్వాత చచ్చింది.

సిద్దిపేట తమ్ముడు: నా బాధ వల్నరబుల్‌తో. దాన్ని చాలామంది ‘బలహీనం’ అని రాస్తున్నారు. పాము బలహీనమైంది కాదు, పద్యమే ‘బలవంతమైన’ అంటోంది. లాటిన్‌లో వల్నస్ అంటే గాయం, అంటే దెబ్బ తగలడానికి వీలున్న స్థితి. మనం ‘గురి అవడం’ అంటాం, అందులో బాణం గురి ఉంది. పేపర్లలో వచ్చే ‘ప్రమాదానికి గురయ్యే అవకాశం’ మాత్రం చదవలేను. ప్రమాదం అవకాశమెలా అవుతుంది? నన్నడిగితే ఇక్కడ సరైన మాట ‘లోకువ’. పాము చీమలకు లోకువైంది.

అనువాదాల అక్క: లోకువలో చిన్నచూపు ఉంది తమ్ముడూ, గాయం లేదు. చీమలు పామును చిన్నచూపు చూడలేదు, కుట్టి చంపాయి.

డాలస్ నుంచి: నేను రోజూ ఆఫీసు రిపోర్టులు దిద్దుతాను. ‘లీవింగ్ దెమ్ వల్నరబుల్’, ‘దెర్‌బై ఎక్స్‌పోజింగ్’ లాంటివి పేజీకి రెండు తగులుతాయి. ఆ ఇంగ్లీషులో కారణం ప్రధాన వాక్యంలో కూర్చుంటుంది, ఫలితం చివర తోకలా వేలాడుతుంది. తెలుగు దానికి తిరగబడి ఉంటుంది. ‘చిక్కి’ క్త్వార్థకం, అంటే ‘చేసి’, ‘వచ్చి’ లాంటి అసంపూర్ణ క్రియ. వాక్యం బరువంతా ‘చావదె’ మీదే పడుతుంది. పోస్టు పెట్టిన అక్కా, మీ అమ్మాయి వాక్యంలో వెలితి అదే అనుకుంటున్నాను. చావు తోకలోకి కూడా రాలేదు. ‘వల్నరబుల్’ దగ్గరే ఆగిపోయింది.

బందరు మేష్టారు: బాగా చెప్పావు నాయనా. పైగా ‘చావదె’ ప్రశ్న. ‘వుడ్ ఇట్ నాట్ పెరిష్’ అనమనండి అమ్మాయిని. అసలు నిస్సహాయత చెప్పాలంటే పోతన్న దగ్గరికే పోవాలి. గజేంద్ర మోక్షంలో మొసలికి చిక్కిన ఏనుగు మొర, ‘లావొక్కింతయు లేదు’ చూడండి. లేదు, అయ్యె, తప్పెను, వచ్చె, డస్సెన్, అయ్యెడిన్: ఆరు క్రియలు. మధ్యలో ‘అందువల్ల’ లేదు, ‘కాబట్టి’ లేదు, ఒక్క క్త్వార్థకం లేదు. ఊపిరి అందనివాడు వాక్యాలు ముడివేయలేడు. ఆ తర్వాత ‘నీవే తప్ప’. ఫలితమంతా అక్కడుంది.

పోస్టు పెట్టినవారు: మేష్టారూ, ‘అయ్యెడిన్’ దాని ముందున్న నాలుగింటిలా భూతకాలం కాదు కదా?

బందరు మేష్టారు: కాదమ్మా. ధైర్యం పోయింది, ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సింది. శ్రమ ఒక్కటే ఇంకా అవుతోంది. ఏనుగు ఇంకా పెనుగులాడుతూనే ఉంది.

అనువాదాల అక్క: అక్కడ ఛందస్సు కోసం కాదంటారా?

బందరు మేష్టారు: ఛందస్సు కోసం పోతన్న కాలం మార్చాడంటే నేనొప్పుకోను.